వాచీ కంపనంతో నెమ్మది శ్వాస: కంట్రోల్ రూమ్ ఉద్యోగిని కేస్ స్టడీ

కేసు నేపథ్యం

ఆమె వయసు 38. అత్యవసర ఫోన్ కాల్స్ అందుకుని అంబులెన్స్, ఫైర్ సిబ్బందిని పంపే కంట్రోల్ రూమ్‌లో షిఫ్టుల్లో పనిచేస్తారు. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాం. మా దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చెప్పిన ఇబ్బందులు ఇవి: కష్టమైన కాల్ ముగిశాక గుండె దడ చాలాసేపు తగ్గదు, షిఫ్టు దిగాక నిద్ర పట్టదు, మెడా భుజాలూ పట్టేసినట్టుంటాయి. చేతికి స్మార్ట్‌వాచీ అప్పటికే ఉంది. అందులోని శ్వాస యాప్ కొన్నాళ్లు వాడి, "తల తిరుగుతోంది, ఇది నాకు పడదు" అని పక్కన పెట్టేశారు.

ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఆ మాటే. నెమ్మది శ్వాస తమకు పడదని తేల్చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది దగ్గర తేడా వచ్చేది రెండు చోట్ల. వేగం వాళ్ల శరీరానికి కుదిరింది కాదు, పీల్చే గాలి మోతాదు ఎక్కువ. రెండూ సరిచేయగలిగినవే.

మొదలుపెట్టే ముందు చూసినవి

దడ అనగానే ఒత్తిడి ఖాతాలో వేసేయకూడదు. రక్తహీనత, థైరాయిడ్, గుండె లయ తప్పడం ఉన్నాయేమో డాక్టర్‌తో చూపించాం. ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు మామూలుగా వచ్చాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదుల లయ తప్పడం), పేస్‌మేకర్, తీవ్రమైన ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లతో వాచీ కంపనం దారి చూపే ఈ నెమ్మది శ్వాస పద్ధతి డాక్టర్ ప్రత్యక్ష సలహా లేకుండా మొదలుపెట్టం. కిడ్నీ జబ్బులోనూ అదుపు తప్పిన మధుమేహంలోనూ రక్తంలో ఆమ్లం పెరిగితే, దాన్ని వదిలించుకోవడానికే శరీరం వేగంగా ఊపిరి తీస్తుంది. అలాంటివాళ్ల శ్వాసను పట్టుబట్టి నెమ్మది చేయించడం ప్రమాదం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడేవాళ్లకు పద్ధతి పనికొస్తుంది, కాకపోతే ఊపిరితో పాటు గుండె వేగంలో వచ్చే ఊగిసలాట చిన్నదిగా కనిపించవచ్చు. అంకెలు చూసి వాళ్లు నిరాశపడకుండా ముందే చెప్పాలి.

విశ్రాంతిలో ఆమె నిమిషానికి 17 శ్వాసలు తీస్తున్నారు. దీన్ని లెక్కపెట్టే తీరు ఒకటుంది: నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, పూర్తి నిమిషంపాటు ఛాతీ కదలికను గమనించాలి. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే ఎవరైనా తమకు తెలియకుండానే దాన్ని మార్చేస్తారు. ఒత్తిడి కొలవడానికి పీఎస్‌ఎస్-10 ప్రశ్నావళి ఇచ్చాం. అందులో గరిష్ఠం 40, ఆమెకు వచ్చింది 27.

పరికరాలు, ఏది దేనికి

మూడు వాడాం. వైబ్రేషన్ ఇవ్వడానికి వాచీ. గుండె లయ కొలవడానికి ఈసీజీ రకం ఛాతీ పట్టీ. క్లినిక్‌లో మాత్రం పొట్ట చుట్టూ సాగే బెల్టు సెన్సర్, ఆమె నిజంగా ఏ వేగంతో ఊపిరి తీస్తున్నారో చూడటానికి.

వాచీ ఒక్కటే చాలదా అని చాలామంది అడుగుతారు. వాచీ అడుగున ఆకుపచ్చ కాంతి చర్మంలోకి పడి, రక్తం నిండినప్పుడల్లా తిరిగొచ్చే కాంతిలో వచ్చే తేడాను బట్టి నాడి పసిగడుతుంది. సగటు వేగం చెప్పడానికి అది బాగానే పనికొస్తుంది. మనకు కావలసింది గుండె ఒక కొట్టుకు ఇంకో కొట్టుకు మధ్య మిల్లీసెకన్లలో తేడా. చేయి కదిలినా, చేతులు చల్లబడినా, వాచీ వదులైనా ఆ తేడా నమ్మదగ్గదిగా ఉండదు. పైగా వైబ్రేషన్ ఇస్తున్న మోటారు అదే పెట్టెలో ఉంటుంది. తను అదురుతూ తనే కొలుస్తుంటే కొలత చెడుతుంది. అందుకే దారి చూపే పని వాచీకి, కొలిచే పని పట్టీకి అని విడదీశాం.

ఛాతీ పట్టీ కూడా పొరపాట్లకు అతీతమేం కాదు. ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడపకుండా కట్టుకుంటే మొదటి కొన్ని నిమిషాలు, చెమట పట్టేదాకా, మధ్యమధ్యలో కొట్లు జారిపోతాయి. ఒక్క కొట్టు జారితే ఏమవుతుందో లెక్క చూడండి. గుండె నిమిషానికి 73 సార్లు కొట్టుకుంటోంది, అంటే కొట్టుకు కొట్టుకు మధ్య సుమారు 820 మిల్లీసెకన్లు. ఒకటి జారితే అక్కడ 1640 అని నమోదవుతుంది. రెండు నిమిషాల రికార్డులో అసలు ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ (పక్కపక్కనున్న ఎడాల మధ్య తేడాలకు ఒక రకం సగటు) 30 మిల్లీసెకన్లు ఉంటే, ఆ ఒక్క తప్పు వల్ల అది 100 దాటిపోతుంది. "ఈరోజు నా హెచ్‌ఆర్‌వీ (గుండె కొట్ల మధ్య ఎడం మారే తీరు) మూడింతలైంది" అని సంతోషపడే సందర్భాల్లో చాలా వాటి వెనక తడి ఆరిన పట్టీ ఉంటుంది. ముడి ఆర్‌ఆర్ విలువలను (కొట్టుకు కొట్టుకు మధ్య ఎడాలను) గ్రాఫ్‌లో చూసి, హఠాత్తుగా రెట్టింపైన చోటినీ, ఒకటి పొట్టిగా ఆ వెంటనే ఒకటి పొడుగ్గా ఉన్న జంటలనూ తీసేశాకే మిగతా లెక్కలు వేయాలి. ఆ పొట్టి–పొడుగు జంటలు సాధారణంగా ముందుగా పడిన అదనపు కొట్లు. అవి తరచూ కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి.

ఆమె వేగం ఎంత?

గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. దీన్ని కార్ల్ లుడ్విగ్ 1847లోనే నమోదు చేశాడు. మామూలు శ్వాసలో ఈ ఊగిసలాట చిన్నది. ఊపిరి నెమ్మదిస్తూ నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చేసరికి ఒక్కసారిగా పెద్దదవుతుంది. కారణం రక్తపోటును సరిదిద్దే యంత్రాంగంలో ఉంది. రక్తపోటు పెరిగితే మెడలోని కెరోటిడ్ ధమనిలోనూ గుండె పక్క బృహద్ధమనిలోనూ ఉన్న గ్రాహకాలు పసిగట్టి గుండెను నెమ్మది చేస్తాయి. దాని ప్రభావం రక్తపోటు మీద కనబడటానికి దాదాపు ఐదు సెకన్లు పడుతుంది. ఐదు సెకన్లు అటు, ఐదు సెకన్లు ఇటు, మొత్తం పది సెకన్ల చక్రం. ఊపిరి కూడా పది సెకన్ల చక్రంలోకి వస్తే రెండూ ఒకదాన్నొకటి బలపరుచుకుంటాయి. ఊగుతున్న ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు.

అయితే ఆ పది సెకన్లు అందరికీ ఒకటే కాదు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి అది నిమిషానికి 4.5 నుంచి 6.5 శ్వాసల మధ్య ఎక్కడో ఉంటుంది. పొడుగ్గా ఉన్నవాళ్లకు సాధారణంగా కొంచెం తక్కువ. పరిశోధకులు పాల్ లేరర్, వాషిల్లో బృందం రూపొందించిన పరీక్షా పద్ధతి ఇక్కడ ఉపయోగపడుతుంది. ఐదు వేగాలు, ఒక్కోటి రెండు నిమిషాలు, మధ్యలో రెండు నిమిషాల మామూలు శ్వాస. పీల్చడం 40 శాతం, వదలడం 60 శాతం అనే నిష్పత్తి మేం పెట్టుకున్నది. సెకన్లలో:

నిమిషానికి 6.5: పీల్చడం 3.7, వదలడం 5.5
నిమిషానికి 6: పీల్చడం 4, వదలడం 6
నిమిషానికి 5.5: పీల్చడం 4.4, వదలడం 6.5
నిమిషానికి 5: పీల్చడం 4.8, వదలడం 7.2
నిమిషానికి 4.5: పీల్చడం 5.3, వదలడం 8

ప్రతి వేగంలో మొదటి అర నిమిషాన్ని లెక్కలోకి తీసుకోలేదు, ఊపిరి కుదురుకునే సమయం అది. మిగతా దాంట్లో ఒక్కో శ్వాసకు గుండె వేగం గరిష్ఠం నుంచి కనిష్ఠం తీసేసి సగటు కట్టాం. 6.5 దగ్గర తేడా నిమిషానికి 9 కొట్లు, 6 దగ్గర 11, 5.5 దగ్గర 14, 5 దగ్గర 12, 4.5 దగ్గర 10. చివరి వేగంలో బెల్టు గ్రాఫ్ మీద శ్వాస గీత కూడా గతుకులు గతుకులుగా వచ్చింది, అంటే ఆమె ఊపిరిని బిగబట్టి లాగుతున్నారు. 5.5 దగ్గర గుండె వేగం గీతా శ్వాస గీతా కలిసి లేచి కలిసి దిగాయి. అంకె కన్నా నమ్మదగ్గ గుర్తు ఇదే: రెండు గీతలూ ఒకే అడుగులో నడవాలి. ఇంకో రోజు ఇదే వరస మళ్లీ చేయించి, ఫలితం మారలేదని చూశాకే 5.5 ఖాయం చేశాం.

ఆమె అంతకుముందు వాడిన యాప్ ఏ వేగంతో నడిచిందో వాచీలో చూశాం. 7 ఉంది. కొన్ని వాచీల్లో మొదట వచ్చే విలువ అదే. ఆపిల్ వాచీలోని బ్రీత్ కూడా నిమిషానికి 7తోనే మొదలవుతుంది, సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. మీ యాప్ పూర్తి అంకెలే తీసుకుంటే, 5.5 కావలసినవాళ్లు 5 కన్నా 6 పెట్టుకోవడం మంచిది. కాస్త వేగంగా ఉంటే లాభం కొంచెం తగ్గుతుంది. మరీ నెమ్మదిగా ఉంటే గాలి చాలక బలంగా లాగడం మొదలుపెడతారు.

తల తిరగడం ఎందుకు?

7 వేగం వల్ల ఆమెకు తల తిరగలేదు. యాప్ "లోతుగా పీల్చండి" అంది, ఆమె ఛాతీ నిండా పీల్చారు. విశ్రాంతిలో పెద్దవాళ్లు ఒక్కో శ్వాసకు సుమారు 500 మిల్లీలీటర్లు తీసుకుంటారు. అందులో 150 దాకా గొట్టాల్లోనే ఉండిపోతుంది, ఊపిరితిత్తుల తిత్తుల్లోకి చేరేది 350. నిమిషానికి 12 శ్వాసలైతే 4.2 లీటర్లు. ఇంతే గాలి 6 శ్వాసల్లో అందాలంటే ఒక్కో శ్వాస 850 మిల్లీలీటర్లైతే చాలు, రెట్టింపు కూడా అక్కర్లేదు. ఛాతీ నిండా అంటే రెండు లీటర్ల పైమాటే. అప్పుడు తిత్తుల్లోకి చేరే గాలి 11 లీటర్లు దాటుతుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, తల తేలిపోతుంది, వేళ్లూ పెదవుల చుట్టూ తిమ్మిరెక్కుతాయి. భయం ఎక్కువున్న మనిషికి ఈ లక్షణాలు అచ్చం పానిక్ మొదలైనట్టే ఉంటాయి.

అందుకే "లోతుగా" అన్న మాటే మా సూచనల్లోంచి తీసేశాం. చెప్పింది ఇది: ముక్కుతోనే పీల్చండి, పక్కనున్న మనిషికి చప్పుడు వినబడకూడదు. ఒక చేయి పొట్ట మీద, ఒకటి ఛాతీ మీద ఉంచితే పై చేయి దాదాపు కదలకూడదు. వదిలేటప్పుడు చివరి బొట్టు దాకా నెట్టేయకండి, ఇంకా కొంచెం మిగిలి ఉండగానే తర్వాతి శ్వాస మొదలవ్వాలి. తిమ్మిరి వస్తే వేగం మార్చొద్దు, పీల్చే గాలి సగానికి తగ్గించండి. అయినా తగ్గకపోతే ఆపేసి మామూలుగా ఊపిరి తీయండి. ఇలా మార్చిన మొదటి సెషన్‌లోనే తల తిరగడం పోయింది.

కంపనం ఎలా ఉండాలి

ఎక్కువ సమయం పట్టింది ఇక్కడే. కంట్రోల్ రూమ్‌లో కళ్లు తెర మీద, చెవులు హెడ్‌సెట్‌లో ఉంటాయి. ఖాళీగా ఉన్నది చర్మం ఒక్కటే.

మొదట పీల్చేటప్పుడు ఒక తట్టు, వదిలేటప్పుడు ఒక తట్టు పెట్టాం. పనిచేయలేదు. ధ్యాస ఒక్క క్షణం పక్కకు పోతే ఏ తట్టు దేనికో తెలియదు, ఆమె తలకిందులుగా వెళ్లిపోయేవారు. బెల్టు గ్రాఫ్‌లో అది స్పష్టంగా కనిపించింది. తర్వాత పీల్చినంతసేపూ ఆగకుండా వైబ్రేషన్ పెట్టి చూశాం. కాసేపటికే చర్మం దానికి అలవాటు పడి, చివర ఎప్పుడొచ్చిందో తెలియకుండా పోయింది.

నిలిచింది ఇది: కంపనం పీల్చేటప్పుడు మాత్రమే, వదిలేటప్పుడు పూర్తి నిశ్శబ్దం. మధ్యలో ఎక్కడ ధ్యాస తిరిగొచ్చినా, తట్లు పడుతుంటే పీల్చాలి, లేకపోతే వదలాలి. 4.4 సెకన్లలో ఆరు తట్లు, ఒక్కోటి 60 మిల్లీసెకన్లు. మధ్య ఎడం 0.9 సెకన్లతో మొదలై 0.6కి తగ్గుతూ వస్తుంది, చివరి తట్టు దాదాపు 3.9 సెకన్ల దగ్గర పడుతుంది. ఎడం తగ్గుతుండటం వల్ల ముగింపు వస్తోందని ముందే తెలుస్తుంది. మిగిలిన అర సెకనులో ఊపిరి దానంతటది మలుపు తిరుగుతుంది. ఈ చిన్న ఖాళీ లేనప్పుడు ఆమె పైకొసన ఊపిరి బిగబట్టేవారు.

60 మిల్లీసెకన్ల తట్టు అన్ని వాచీల్లోనూ రాదు. లీనియర్ మోటారు (బరువు తిరగకుండా ముందుకూ వెనక్కూ కదిలేది) ఉన్న వాచీలో అది గోటితో తట్టినట్టు స్పష్టంగా ఉంటుంది. బరువు తిరిగే పాత రకం మోటారు వేగం అందుకునేలోపే 60 మిల్లీసెకన్లు అయిపోతాయి. దానికి కనీసం 150 పెట్టి, తట్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గించాలి. పట్టీ వదులుగా ఉంటే వాచీ మణికట్టు ఎముక మీద గిలగిల్లాడి తట్టు పలచబడుతుంది. ఎముక పైభాగానికి రెండు వేళ్ల దూరంలో, చర్మం నొక్కుకోనంత బిగువుగా కట్టుకోవాలి.

మెసేజ్‌లు వచ్చినప్పుడు కొట్టుకునేదీ ఇదే మోటారు. సెషన్‌లో వేరే వైబ్రేషన్ వస్తే ఊపిరి అక్కడికక్కడ చెదిరిపోతుంది. నోటిఫికేషన్లు ఆపే మోడ్ పెట్టాలి, కానీ కొన్ని వాచీల్లో ఆ మోడ్ శ్వాస యాప్ కంపనాన్నీ ఆపేస్తుంది. ఒక్కసారి పెట్టి చూసుకోండి.

నేరుగా 5.5 కి దూకకూడదు

17 నుంచి ఒక్కసారి 5.5 అంటే ఎవరికైనా గాలి చాలదు. మొదటి నిమిషం 12, రెండో నిమిషం 9, మూడో నిమిషం 7, ఆ తర్వాత 5.5 అని మెట్లు పెట్టాం. రక్తపోటు తగ్గించడానికి 2002లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి పొందిన రెస్పరేట్ అనే పరికరం పనిచేసే తీరు కూడా ఇలాంటిదే: ఛాతీ బెల్టుతో మనిషి అసలు వేగాన్ని పట్టుకుని, స్వరాల ద్వారా వదిలే భాగాన్ని కొంచెం కొంచెంగా పొడిగిస్తూ పదికి దిగువకు తెస్తుంది. వాచీలో ఆ తెలివి లేకపోయినా, మెట్లు చేత్తో పెట్టుకోవచ్చు.

రోజుకు రెండు సెషన్లు. మొదటి వారం ఐదు నిమిషాల చొప్పున, తర్వాత పది. షిఫ్టుకు ముందు ఒకటి, పడుకునే ముందు ఒకటి. లేరర్ పద్ధతిలో ఇంటి సాధన ఇరవై నిమిషాలు రెండుసార్లు. ఆమె పనివేళలకు అది నిలవదనిపించి తగ్గించాం. రాసిచ్చి చేయని ఇరవై కన్నా రోజూ జరిగే పది నయం.

స్ట్రెస్ స్కోర్ గొడవ

మూడో వారంలో ఆమె దిగులుగా వచ్చారు. సెషన్ పూర్తయ్యాక వాచీ స్ట్రెస్ స్కోర్ తగ్గకపోగా పెరుగుతోంది. కారణం బహుశా స్కోరు కట్టే లెక్కలో ఉంది. నిమిషానికి 5.5 అంటే సెకనుకు 0.092 సార్లు, అంటే 0.092 హెర్ట్జ్. గుండె లయ విశ్లేషణలో 0.04 నుంచి 0.15 హెర్ట్జ్ దాకా నెమ్మది ఊగిసలాటలను ఎల్‌ఎఫ్, 0.15 నుంచి 0.4 దాకా వేగమైనవాటిని హెచ్‌ఎఫ్ అంటారు. 1996లో యూరప్, ఉత్తర అమెరికా హృద్రోగ నిపుణుల సంఘాలు కలిసి ప్రామాణికంగా పెట్టిన హద్దులు ఇవి. మామూలు శ్వాస వల్ల వచ్చే ఊగిసలాట హెచ్‌ఎఫ్‌లో పడుతుంది, నెమ్మది శ్వాసలో అది మొత్తం ఎల్‌ఎఫ్‌లోకి జారుతుంది. ఎల్‌ఎఫ్ ఎక్కువైతే ఒత్తిడి అని చదివే ఏ సూత్రమైనా ఇక్కడ తలకిందులుగా చెబుతుంది. స్కోరు ఎలా కడతారో తయారీదారులు పూర్తిగా బయటపెట్టరు కాబట్టి దాన్ని సరిచేయడం మన చేతిలో లేదు. తెర మీద నుంచి తీసేయించాం. హెచ్‌ఆర్‌వీ చూడాలంటే రోజూ నిద్ర లేవగానే, మామూలు శ్వాసతో, ఒకే పరికరంతో చూసుకోవాలి. ఒక వాచీ ఎస్‌డీఎన్‌ఎన్ (ఎడాలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) చూపిస్తుంది, ఇంకోటి ఆర్‌ఎంఎస్‌ఎస్‌డీ చూపిస్తుంది, వాటిని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

"మీరు ఒత్తిడిలో ఉన్నారు, ఊపిరి తీసుకోండి" అనే ఆటోమేటిక్ హెచ్చరికలు కూడా ఆపేశాం. మెట్లెక్కినా, కాఫీ తాగినా అవి వచ్చేవి. కాల్ మధ్యలో వస్తే ఆ హెచ్చరికే ఇంకో ఒత్తిడి.

ఫలితం, దాన్ని ఎంతవరకు నమ్మాలి

ఎనిమిదో వారం చివర పీఎస్‌ఎస్-10 స్కోరు 27 నుంచి 18కి వచ్చింది. విశ్రాంతిలో శ్వాస 17 నుంచి 13. భుజాల పట్టేత తగ్గిందన్నారు కానీ పూర్తిగా పోలేదు. దానికి కుర్చీ ఎత్తు, హెడ్‌సెట్ కూడా చూడాలి. ఇందులో శ్వాస వాటా ఎంతో విడదీయలేం. ఆరో వారం నుంచి ఆమెకు రాత్రి షిఫ్టులు తగ్గాయి, నిద్ర మెరుగవడానికి అదొక్కటే చాలు. ఒక మనిషి, పోల్చడానికి ఇంకొకరు లేరు. అయినా షిఫ్టులు మారక ముందే, నాలుగో వారంలోనే, కాల్ తర్వాత దడ త్వరగా దిగుతోందని ఆమె రాసిపెట్టుకున్నారు. ఛాతీ పట్టీ రికార్డులు కూడా దాన్నే చూపించాయి.

ఏడో వారం నుంచి వాచీ సాయం తగ్గిస్తూ వచ్చాం. మొదటి రెండు నిమిషాలే కంపనం, తర్వాత ఆమె సొంతంగా. మొదట్లో వేగం 5.5 నుంచి 6.3 దాకా జారింది. మధ్యలో నిమిషానికి ఒక్క శ్వాసకు మాత్రం తట్లు ఇస్తే 5.7 దగ్గర నిలబడింది. ఇంట్లో ఇప్పుడు వాచీ లేకుండానే చేస్తున్నారు.

కాల్ నడుస్తున్నప్పుడు ఇది చేయొచ్చా అని ఆమె మొదటినుంచీ అడుగుతున్నారు. కుదరదు, మాట్లాడేటప్పుడు ఊపిరిని మాట పంచుకుంటుంది, వాచీ లయను అనుసరించబోతే గొంతు తడబడుతుంది. బదులుగా కాల్ ముగిశాక నొక్కే ఒక షార్ట్‌కట్ పెట్టాం: మెట్లు లేకుండా ఎనిమిది చక్రాలు, ఒక్కోటి 10.9 సెకన్లు, మొత్తం 87 సెకన్లు. రెండు కాల్స్ మధ్య దొరికే ఖాళీలో అది పడుతుంది. ఇంకో కాల్ వస్తే మధ్యలో వదిలేస్తారు, తర్వాత మిగతాది పూర్తి చేయాల్సిన పని లేదు.